గ్రామఫోన్ ప్లేటు నుంచి యూట్యూబ్ వ్యూస్ దాకా.. ఏ కాలం పాటగాడు పెద్ద స్టార్? ఆదోని, ఎమ్మిగనూరు నుంచి చూస్తే లెక్క ఇదీ!

ఆదోని పత్తి మార్కెట్ దగ్గర టీ కొట్టులోనో, ఎమ్మిగనూరు సోమప్ప సర్కిల్ దగ్గరో నలుగురు కూర్చుంటే పాటల గొడవ రాకుండా ఉండదు. "ఘంటసాలను మించినోడు ఇంతవరకు పుట్టలేదు" అని పెద్దాయన అంటాడు. "బాలు పాడినన్ని పాటలు ఇంకెవరైనా పాడారా?" అని నడివయసు మనిషి అడుగుతాడు. కుర్రాడు మాత్రం ఫోన్ తీసి వ్యూస్ చూపిస్తాడు. "ఇదిగో, కోట్లల్లో ఉన్నాయి. మీ వాళ్లకు ఉన్నాయా?" అంటాడు.

ముగ్గురూ నిజమే చెబుతున్నారు. ముగ్గురి లెక్కా వేరు. ఒకరు గౌరవాన్ని, ఇంకొకరు పాటల సంఖ్యను, మూడోవారు వ్యూస్‌ను కొలుస్తున్నారు. అసలు ఒక కాలం స్టార్ వ్యాపార విజయాన్ని ఇంకో కాలం స్టార్‌తో పోల్చొచ్చా? పోలిస్తే ఎలా పోల్చాలి? ఏ కాలంలో డబ్బు ఎవరి జేబులోకి వెళ్లింది? పూర్తి వివరాలు తెలుసుకుందాం.

ముఖ్యాంశాలు

- ప్లేటు అమ్మకం, క్యాసెట్ అమ్మకం, కాలర్ ట్యూన్, వ్యూస్.. ఇవన్నీ వేర్వేరు కొలతలు. నేరుగా పోల్చితే తప్పు వస్తుంది.
- అమెరికా పద్ధతిలో లెక్కేస్తే 10 కోట్ల స్ట్రీమ్‌లు సుమారు 66,667 ఆల్బమ్‌లకు మాత్రమే సమానం.
- సినిమా గాయకులకు చాలా ఏళ్లు పాటకు ఒక్కసారి పారితోషికమే దక్కింది. 2012 చట్ట సవరణతో పరిస్థితి కొంత మారింది.
- ఇప్పటి జానపద యూట్యూబ్ గాయకులు కూడా అదే పాత ఒప్పందంలో ఇరుక్కునే ప్రమాదం ఉంది.

అసలు చిక్కు ఎక్కడ?

ఎమ్మిగనూరు వాళ్లకు దీన్ని అర్థం చేయించడం తేలిక. 1938లో మాచాని సోమప్ప మొదలుపెట్టిన చేనేత సహకార సంఘంతో పేరు తెచ్చుకున్న ఊరు అది. చేనేత మగ్గం మీద రోజుకు వచ్చే గుడ్డ కొద్దిగానే ఉంటుంది. మరమగ్గం మీద అదే రోజులో ఎన్నో రెట్లు వస్తుంది. కేవలం మీటర్లు లెక్కపెట్టి "మరమగ్గం నడిపేవాడే గొప్ప నేతగాడు" అంటే ఊళ్లో ఎవరైనా నవ్వుతారు. మీటరు మీటరే అయినా దాని వెనక ఉన్న పని వేరు, ధర వేరు, కొన్నవాడి లెక్క వేరు.

పాట కూడా అంతే. ఒకప్పుడు గ్రామఫోన్ ప్లేటు కొనాలంటే ముందు ఇంట్లో గ్రామఫోన్ ఉండాలి. అది కలిగినవారి ఇళ్లలోనే కనిపించేది. ఇప్పుడు పాట వినడానికి బొటనవేలు కదిపితే చాలు. అప్పుడు ఒక ప్లేటు అమ్ముడైందంటే ఒక కుటుంబం ఆలోచించి ఖర్చు పెట్టిందని అర్థం. ఇప్పుడు ఒక వ్యూ అంటే ఒక మనిషి కాసేపు ఆగాడని మాత్రమే అర్థం. పైగా అదే మనిషి రోజుకు పదిసార్లు చూడొచ్చు. ప్లేటును వందసార్లు వేసుకున్నా అమ్మకం లెక్కలో అది ఒక్కటే.

నాటకాల కాలం: ప్లేటు కన్నా ముందు స్టేజీ

1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని ప్రాంతం బళ్లారి జిల్లాలో ఉండేది. కాబట్టి ఈ పడమటి ప్రాంతానికి తొలి 'స్టార్లు' బళ్లారి స్టేజీ నుంచి వచ్చారు. ఆంధ్ర నాటక పితామహుడిగా పేరొందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు తెలుగు నాటకంలో పద్యాలకు, పాటలకు చోటు పెంచారు. ఆయన మేనల్లుడు బళ్లారి రాఘవ 1880లో తాడిపత్రిలో పుట్టి, బళ్లారిలో వకీలుగా ఉంటూనే నటుడిగా దేశమంతా పేరు తెచ్చుకున్నారు. ఆ రోజుల్లో విజయానికి కొలత టికెట్టు, 'వన్స్‌మోర్' కేక. రెండూ ఆ రాత్రితోనే అయిపోయేవి.

ఈలోగా ప్లేటు వచ్చింది. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ గొంతు రికార్డ్ చేయడంతో మన దేశంలో గ్రామఫోన్ వ్యాపారం మొదలైంది. పాట చివర ఆమె తన పేరు ఇంగ్లిష్‌లో తానే చెప్పుకునేది. ప్లేటు ఒక్కో వైపు సుమారు మూడు నిమిషాలే. స్టేజీ మీద గంటసేపు సాగే రాగం ఆ మూడు నిమిషాల్లో ఒదగాల్సిందే. తెలుగులో కపిలవాయి రామనాథశాస్త్రి వంటి రంగస్థల నటుల పద్యాల ప్లేట్లు ఊరూరా మోగాయి. నాటకం చూడని ఊళ్లకు కూడా గొంతు చేరింది. అంటే స్టార్ ఊరికి రాకుండానే స్టార్ కావడం అప్పుడే మొదలైంది.

అయితే ఆ ప్లేటు ఎంతమంది విన్నారో అమ్మకం చెప్పదు. ఒక ప్లేటు, ఒక పెట్టె, చుట్టూ వీధి మొత్తం. పెళ్లిపందిట్లో మైకు సెట్టువాడు ఒక్క ప్లేటు కొంటే సీజన్ అంతా ఎన్నో ఊళ్లకు అదే పాట. ఈ కాలానికి అమ్మకాల లెక్క ఎప్పుడూ అసలు ఆదరణ కన్నా చాలా తక్కువ చూపిస్తుంది.

రేడియో, ఎల్పీ కాలం: ఘంటసాల లెక్క ఎలా వేయాలి?

1952లో రేడియో సిలోన్‌లో 'బినాకా గీత్‌మాలా' మొదలైంది. హిందీ పాటలకు వారం వారం ర్యాంకులు ఇచ్చింది. 1957లో వివిధ భారతి వచ్చింది. రేడియో సిలోన్ తెలుగు కార్యక్రమంలో మీనాక్షి పొన్నుదురై గొంతు కోసం ఎదురుచూసిన తరం ఇంకా మన మధ్య ఉంది. కానీ హిందీకి ఉన్నట్టు తెలుగు పాటకు వారం వారం నిలకడగా సాగిన ర్యాంకుల పట్టిక లేదు. అందుకే ఆ కాలం తెలుగు స్టార్ల గురించి అంకెలకన్నా జ్ఞాపకాలే ఎక్కువ.

ఘంటసాల వెంకటేశ్వరరావు 1922లో పుట్టి 1974 ఫిబ్రవరి 11న కన్నుమూశారు. చివరి రోజుల్లో ఆయన పాడిన భగవద్గీత రికార్డు ఆయన పోయాక బయటికి వచ్చింది. దాని సంగతి ఏ పట్టికకూ అందదు. ఎల్పీగా, క్యాసెట్‌గా, సీడీగా, మెమరీ కార్డులో ఫైల్‌గా.. రూపం మారినప్పుడల్లా మళ్లీ ఇళ్లలోకి వచ్చింది. ఈ రోజుకూ పల్లెలో పొద్దున్నే మైకులో ఆ గొంతు వినిపిస్తే ఎవరో పోయారని జనానికి అర్థమైపోతుంది. పెళ్లి పాటకు పోటీ ఉంది, జాతర పాటకు పోటీ ఉంది. ఈ చోటుకు మాత్రం 50 ఏళ్లయినా పోటీ లేదు.

వ్యాపార భాషలో చెప్పాలంటే విజయాల్లో రెండు రకాలు. ఒకటి దూకుడు విజయం. మొదటి వారంలోనే రికార్డులు బద్దలవుతాయి. రెండోది నిలకడ విజయం. ఏటా కొంచెం కొంచెంగా, దశాబ్దాల తరబడి అమ్ముడవుతుంది. మంత్రాలయం వెళ్లే దారిలో ఉన్న ఈ రెండు ఊళ్లకు ఇది బాగా తెలుసు. కన్నడ నటుడు రాజ్‌కుమార్ పాడిన రాఘవేంద్రస్వామి భక్తిగీతాలకు విడుదల తేదీతో పనిలేదు. యాత్రికులు వస్తున్నంత కాలం వాటికి గిరాకీ ఉంటుంది. మొదటి వారం లెక్కతో చూస్తే ఇలాంటివి ఎప్పటికీ 'హిట్' కావు.

ఇక పి.సుశీల పేరిట మరో కొలత ఉంది. 17,695 పాటలను లెక్కలోకి తీసుకుని 2016లో గిన్నిస్ సంస్థ ఆమెను గుర్తించింది. ఇది పని ఎంత చేశారన్న లెక్క, అమ్మకాల లెక్క కాదు. ఈ రెండింటినీ కలిపేయడం టీ కొట్టు వాదనల్లో తరచూ జరిగే పొరపాటు.

క్యాసెట్ కాలం: అందరికీ పాట, లెక్కకు అందని అమ్మకం

1980లలో ఆట మారిపోయింది. గుల్షన్ కుమార్ టీ-సిరీస్ వంటి కంపెనీలు తక్కువ ధరకు క్యాసెట్లు తెచ్చాయి. అప్పటిదాకా దేశంలో రికార్డుల వ్యాపారమంటే దాదాపు హెచ్‌ఎంవీనే. క్యాసెట్‌తో చిన్న కంపెనీలు, ప్రాంతీయ భాషలు, భక్తి పాటలు, జానపదం అన్నీ మార్కెట్‌లోకి వచ్చాయి. లారీ డ్రైవర్ క్యాబిన్‌లో, టైలర్ షాపులో, మగ్గం పక్కన టేప్ రికార్డర్ చేరింది.

ఇది ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం కాలం. 1960ల చివర్లో వచ్చిన 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న'తో మొదలైన ఆయన, 1980 నాటి 'శంకరాభరణం'తో తొలి జాతీయ అవార్డు అందుకున్నారు. 2020 సెప్టెంబర్ 25న కన్నుమూసే నాటికి ఆయన పాడిన పాటలు 40 వేలకు పైనే అని చెబుతారు. క్యాసెట్ లేబుల్ మీద ఆయన పేరు కనిపించని సంవత్సరం లేదు.

కానీ క్యాసెట్‌కు ఓ జబ్బు ఉంది. అదే పైరసీ. ఖాళీ క్యాసెట్ తీసుకెళ్లి, కావాల్సిన పాటల లిస్టు చేతికిస్తే షాపువాళ్లు నింపి ఇచ్చేవారు. ఒక ఒరిజినల్ నుంచి ఎన్ని కాపీలు పుట్టాయో ఎవరూ లెక్కపెట్టలేదు. కాబట్టి ఈ కాలంలో కంపెనీ చెప్పే అమ్మకం వేరు, జనం చేతిలో ఉన్న క్యాసెట్ల సంఖ్య వేరు. బాలు వ్యాపార విజయాన్ని అంకెల్లో చెప్పలేకపోవడానికి ఇదే పెద్ద కారణం. ఆదరణ తక్కువై కాదు, కొలిచే త్రాసు లేక.

సీడీలు, ప్లాటినం డిస్క్ ఫంక్షన్లు

2000 ప్రాంతంలో ఇంకో మార్పు. ఆడియో ఫంక్షన్ అయిన కొన్ని వారాలకే 'ప్లాటినం డిస్క్ ఫంక్షన్', ఆ తర్వాత 'ట్రిపుల్ ప్లాటినం డిస్క్ ఫంక్షన్' అంటూ వేడుకలు మొదలయ్యాయి. ప్రపంచంలో ప్లాటినం అనే మాటకు ఓ పద్ధతి ఉంది. అమెరికాలో రికార్డింగ్ కంపెనీల సంఘం 1958లో గోల్డ్, 1976లో ప్లాటినం అవార్డులు మొదలుపెట్టింది. అక్కడ ఆల్బమ్‌కు ప్లాటినం అంటే 10 లక్షల యూనిట్లు. ఆడిట్ చేశాకే ఇస్తారు. మన దగ్గర ఆ మాట ఎక్కువగా ప్రచార వేడుక పేరుగా స్థిరపడింది. ఆ ఫంక్షన్ జరిగిందంటే సినిమా విడుదల దగ్గర పడిందని జనం అర్థం చేసుకునేవారు.

ఇదే సమయంలో తెలుగులో సినిమాతో సంబంధం లేని పాప్ ఆల్బమ్ ప్రయత్నం జరిగింది. 'పాడుతా తీయగా' నుంచి వచ్చిన స్మిత 2000లో 'హాయ్ రబ్బా' ఆల్బమ్‌తో పేరు తెచ్చుకున్నారు. అయినా తెలుగు మార్కెట్‌లో పాప్ ఆల్బమ్ విడిగా పెద్ద వ్యాపారం కాలేకపోయింది. కారణం సూటిగానే ఉంది. పాటకు కావాల్సిన ప్రచార ఖర్చంతా సినిమానే పెడుతుంది. హీరో ముఖం పాటను ఊరూరా మోస్తుంది. ఆ బలం ఒంటరి గాయకుడికి లేదు. అందుకే తెలుగులో 'పాప్ స్టార్' అంటే చాలాకాలం సినిమా గాయకుడో, సంగీత దర్శకుడో మాత్రమే.

కాలర్ ట్యూన్: మరిచిపోయిన బంగారు కాలం

మధ్యలో ఓ చిన్న కాలం వచ్చి పోయింది. 2000ల రెండో భాగంలో కాలర్ ట్యూన్లు సంగీత కంపెనీలకు పెద్ద ఆదాయం తెచ్చాయి. నెల నెలా బ్యాలెన్స్ నుంచి డబ్బు కట్ అయ్యేది. చాలామందికి తెలియకుండానే కట్ అయ్యేది కూడా! 2011లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్, ఇలాంటి సేవలకు వినియోగదారుడి నుంచి రెండోసారి కూడా అనుమతి తీసుకోవాల్సిందే అని ఆదేశించింది. ఆ తర్వాత ఆ వ్యాపారం గట్టిగా దెబ్బతింది. దీన్నుంచి నేర్చుకోవాల్సింది ఒకటుంది. ఒక పాట 'సంపాదించింది' అంటే జనం కోరి కొన్నారని అర్థం కాకపోవచ్చు.

వ్యూస్ కాలం: గుత్తి తండా నుంచి కోట్ల తెరల మీదికి

2016 సెప్టెంబర్‌లో జియో రావడంతో డేటా చౌకైంది. 2019లో స్పాటిఫై, యూట్యూబ్ మ్యూజిక్ మన దేశంలో అడుగుపెట్టాయి. 2020 సంక్రాంతికి వచ్చిన 'అల వైకుంఠపురములో' పాటలు సినిమాకు నెలల ముందే ఫోన్లలో మోగాయి. తమన్‌కు ఆ సినిమా జాతీయ అవార్డు తెచ్చింది. 'ఆర్‌ఆర్‌ఆర్'లోని 'నాటు నాటు' 2023 మార్చిలో ఆస్కార్ గెలిచింది. ఆ పాట పాడిన ఇద్దరిలో ఒకరైన రాహుల్ సిప్లిగంజ్ యూట్యూబ్‌లో సొంత పాటలతో పేరు తెచ్చుకున్న హైదరాబాద్ కుర్రాడు.

ఆదోనికి ఇంకా దగ్గరి ఉదాహరణ మంగ్లీ. అనంతపురం జిల్లా గుత్తి దగ్గరి బసినేపల్లి తండాలో సత్యవతి రాథోడ్‌గా పుట్టారు. టీవీ ప్రోగ్రామ్, ఆ తర్వాత పండుగ పాటల వీడియోలు, ఆ తర్వాత సినిమా పాటలు.. ఇదీ ఆమె దారి. 2021లో 'లవ్ స్టోరీ' సినిమాలోని 'సారంగ దరియా' నెల రోజుల ప్రాంతంలోనే 10 కోట్ల వ్యూస్ దాటింది. పాత కాలంలో తండా నుంచి మద్రాసు రికార్డింగ్ థియేటర్‌కు వెళ్లే దారి ఎంత ఇరుకో ఆలోచిస్తే ఈ మార్పు విలువ తెలుస్తుంది. అంకె కన్నా ఈ దారే పెద్ద విషయం.

అయితే అదే పాట ఇంకో ప్రశ్న కూడా లేపింది. ఆ జానపదాన్ని ముందుగా వెలుగులోకి తెచ్చింది తానేనని ఓ జానపద గాయని ముందుకొచ్చారు. దర్శకుడు శేఖర్ కమ్ముల స్పందించి ఆమెతో మాట్లాడి విషయాన్ని సర్దుబాటు చేశారు. పల్లె నోటి నుంచి వచ్చిన పాటకు యజమాని ఎవరు? గ్రామఫోన్ కాలంలో ఈ ప్రశ్న అడిగినవారు తక్కువ. ఇప్పుడు పాట వెనక డబ్బు కనిపిస్తోంది కాబట్టి ప్రశ్న కూడా కనిపిస్తోంది.

ప్రపంచం ఈ లెక్క ఎలా వేస్తోంది?

అమెరికాలో బిల్‌బోర్డ్ పత్రిక, రికార్డింగ్ సంఘం ఈ చిక్కుకు ఓ మార్గం వెతికాయి. 2014 చివర్లో బిల్‌బోర్డ్ 1,500 స్ట్రీమ్‌లను ఒక ఆల్బమ్‌తో సమానంగా లెక్కేయడం మొదలుపెట్టింది. 2016లో రికార్డింగ్ సంఘం కూడా అదే దారి పట్టింది. 2018లో బిల్‌బోర్డ్ ఇంకా విడదీసింది. డబ్బు కట్టి వినేవారివైతే 1,250, యాడ్స్ చూస్తూ ఉచితంగా వినేవారివైతే 3,750 స్ట్రీమ్‌లకు ఒక ఆల్బమ్ అంది.

ఇప్పుడు 10 కోట్ల స్ట్రీమ్‌లను ఈ త్రాసులో పెడదాం:

- 1,500 లెక్కన: సుమారు 66,667 ఆల్బమ్‌లు
- 2018 నాటి పద్ధతిలో డబ్బు కట్టినవారివే అయితే: 80,000 ఆల్బమ్‌లు
- 2018 నాటి పద్ధతిలో అన్నీ ఉచితమే అయితే: సుమారు 26,667 ఆల్బమ్‌లు

అంకె ఒక్కటే, ఫలితాలు మూడు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆదోని పట్టణంలో లక్షన్నరకు పైగా, ఎమ్మిగనూరులో లక్షకు కాస్త తక్కువగా జనం ఉన్నారు. అంటే 10 కోట్ల వ్యూస్ వచ్చిన పాట, ఆదోనిలో సగం మందికి కూడా సరిపోనన్ని ఆల్బమ్‌లతో సమానం అన్నమాట! వినడానికి వింతగా ఉన్నా లెక్క అదే. అయితే ఇది అమెరికా ధరల మీద కట్టిన త్రాసు. ఆల్బమ్ కొనే అలవాటే తక్కువైన మన ఊళ్లకు అది యథాతథంగా సరిపోదు.

అక్కడి పాత రికార్డులకూ ఇలాంటి మెలికలు ఉన్నాయి. మైఖేల్ జాక్సన్ 'థ్రిల్లర్' 1982లో వచ్చింది. బిల్‌బోర్డ్ ఆల్బమ్ పట్టికలో 37 వారాలు మొదటి స్థానంలో ఉంది. బీటిల్స్ 'వైట్ ఆల్బమ్'కు 24 ప్లాటినంలు ఉన్నాయంటే 2 కోట్ల 40 లక్షల కాపీలు అనుకుంటాం. కానీ అది రెండు డిస్కుల సెట్ కాబట్టి ఒక్కో సెట్‌ను రెండుగా లెక్కేశారు. 1964 ఏప్రిల్‌లో బీటిల్స్ పాటల పట్టికలో మొదటి ఐదు స్థానాలూ పట్టేశారు. 2022లో టేలర్ స్విఫ్ట్ మొదటి పది స్థానాలూ పట్టేసింది. ఆమె గొప్పే. అయితే ఆల్బమ్‌లోని ప్రతి పాటా విడుదల రోజే వినడానికి వీలైన స్ట్రీమింగ్ కాలంలోనే అది సాధ్యం. బీటిల్స్ కాలంలో ఒక్కో పాటకు ఒక్కో రికార్డు కొనాల్సి వచ్చేది.

అలాగే 2015లో అడెల్ '25' ఆల్బమ్ తొలి వారం అమెరికాలో సుమారు 33.8 లక్షల కాపీలు అమ్ముడైంది. 2025లో టేలర్ స్విఫ్ట్ కొత్త ఆల్బమ్ 40 లక్షల యూనిట్లతో దాన్ని దాటింది. కానీ స్విఫ్ట్ ఆల్బమ్ 30కి పైగా రకాల్లో వచ్చింది. ఒకే అభిమాని నాలుగైదు కొన్నా అన్నీ లెక్కలోకి వస్తాయి.

వంద రోజుల సెంటర్లు చెప్పే పాఠం

ఇది మనకు కొత్త కాదు. సీడెడ్ సినిమా అభిమానికి 'ఎన్ని సెంటర్లు, ఎన్ని రోజులు' అన్న లెక్క చిన్నప్పటి నుంచే వచ్చు. 2014లో వచ్చిన 'లెజెండ్' ఎమ్మిగనూరులో ఏడాది దాటి ఆడింది. ప్రొద్దుటూరులో వెయ్యి రోజులు దాటింది. అదే సమయంలో పెద్ద సినిమాల వసూళ్లలో సింహభాగం మొదటి రెండు వారాల్లోనే వచ్చే కాలం కూడా వచ్చేసింది. అప్పటి నుంచి అభిమానుల మధ్య వాదన 'రోజులా, కోట్లా' అన్న దాని మీదే. రోజులు లెక్కపెట్టేవారు ప్రేమను కొలుస్తున్నారు. కోట్లు లెక్కపెట్టేవారు వేగాన్ని కొలుస్తున్నారు. పాటల్లో కూడా అదే తేడా.

డబ్బు ఎవరి జేబులోకి?

స్టార్ విజయం వేరు, పాట విజయం వేరు. సినిమా గాయకుడికి దశాబ్దాల పాటు పాటకు ఇంత అని ఒక్కసారి ఇచ్చేవారు. ఆ పాట ప్లేటుగా, క్యాసెట్‌గా, సీడీగా ఎన్ని లక్షలు అమ్మినా ఆ డబ్బు నిర్మాతకు, కంపెనీకి వెళ్లేది. 1960లలోనే లతా మంగేష్కర్ రాయల్టీ కోసం పట్టుబట్టారు. ఒకసారి డబ్బు తీసుకున్నాక అయిపోయిందని మహమ్మద్ రఫీ అన్నారు. ఈ పట్టింపుతో ఇద్దరూ కొన్నేళ్లు కలిసి పాడలేదు.

2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించారు. రచయితలకు, సంగీత దర్శకులకు రాయల్టీ వాటా వదులుకోలేని హక్కుగా మారింది. గాయకులకూ ప్రదర్శకుల హక్కు కింద రాయల్టీ దారి ఏర్పడింది. ఆ హక్కుల గొడవ ఎంతదాకా వెళ్తుందో 2017లో దేశమంతా చూసింది. తన పాటలు అనుమతి లేకుండా కచేరీల్లో పాడొద్దంటూ ఇళయరాజా తరఫున ఎస్పీ బాలుకు నోటీసు వచ్చింది. జీవితకాల మిత్రుల మధ్య వచ్చిన ఆ నోటీసు, పాట పాడినవాడిదా, కట్టినవాడిదా అన్న ప్రశ్నను జనం ముందు పెట్టింది.

పోల్చాలంటే ఈ ఐదు ప్రశ్నలు వేయండి

1. ఏం లెక్కపెట్టారు? ప్లేటా, క్యాసెట్టా, వ్యూనా, రోజా? కొలత మారితే పోలిక ఆపేయండి.
2. అప్పటి మార్కెట్ ఎంత? వందమందికి వినే వీలున్నప్పుడు అరవై మంది విన్నది, లక్షమందికి వీలున్నప్పుడు వెయ్యి మంది విన్నదాని కన్నా పెద్ద విజయం.
3. రెండో స్థానంలో ఉన్నవారికి ఎంత దూరం? కాలాలు వేరైనా, తన కాలంలో తోటివారికన్నా ఎంత ముందున్నారో పోల్చొచ్చు.
4. ఎంతకాలం నిలిచింది? పదేళ్ల తర్వాత కూడా ఎవరైనా అడిగి వేయించుకుంటున్నారా?
5. పాడినవారికి ఎంత దక్కింది? పాట కోట్లు తెచ్చి, గొంతు ఇచ్చినవాడు ఇల్లు కట్టుకోలేకపోతే దాన్ని ఎవరి విజయం అనాలి?

జాతర స్టేజీ గాయకులు తెలుసుకోవాల్సింది

పై ఐదో ప్రశ్న పాత కథ కాదు. నీలకంఠేశ్వరస్వామి జాతర, ఉరుకుంద ఈరన్న స్వామి శ్రావణ ఉత్సవాల వంటి సందర్భాల్లో పాడే గొంతులు ఈ పడమటి మండలాల్లో చాలానే ఉంటాయి. వాళ్ల పాటను వీడియో తీసి యూట్యూబ్‌లో పెడతామని ఎవరైనా వస్తే సంతోషమే. అయితే సంతకానికి ముందు ఇవి చూసుకోవాలి:

- ఛానల్ ఎవరిది? యాడ్స్ డబ్బు ఛానల్ యజమానికే వస్తుంది, పాడినవారికి కాదు. మామూలు వీడియోలపై యాడ్ ఆదాయంలో 55 శాతం ఛానల్‌కు ఇస్తారు. అందులో మీ వాటా ఎంతో కాగితం మీద ఉండాలి.
- సొంత ఛానల్ పెడితే? యాడ్స్ ఆదాయం రావాలంటే కనీసం 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి. లేదా 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వ్యూస్ రావాలి.
- ఒక్కసారి డబ్బా, వాటానా? చేతికి వచ్చిన మొత్తం ఆరోజు పెద్దగా కనిపించొచ్చు. పాట పదేళ్లు నడిస్తే అదే చిన్నదవుతుంది.
- పాట ఎవరిది? తరతరాల జానపదానికి యజమాని లేకపోవచ్చు. కానీ కొత్తగా కట్టిన చరణం, కొత్త బాణీ, కొత్త రికార్డింగ్‌కు హక్కు ఉంటుంది. రాసినవారు, బాణీ కట్టినవారు ఐపీఆర్‌ఎస్‌లో సభ్యత్వం తీసుకుంటే రాయల్టీ వసూలుకు దారి ఉంటుంది.
- పేరు పడుతుందా? వివరణలో, తెర మీద మీ పేరు తప్పనిసరిగా అడగండి. 1902లో గౌహర్ జాన్ పాట చివర తన పేరు తానే చెప్పుకుంది. ఆ జాగ్రత్త ఇప్పటికీ పనికొస్తుంది.

చివరిగా..

ఆదోని యార్డులో పత్తి ధర చెప్పేటప్పుడు ఏ సంవత్సరం, ఏ రకం, ఎంత తేమ అని అడగకుండా ఎవరూ పోల్చరు. 1985 నాటి క్వింటాల్ ధరను ఇవాళ్టి ధర పక్కన పెట్టి "ఇప్పటి రైతే గొప్ప" అని ఏ రైతూ అనడు. ఎందుకంటే ఖర్చులు ఎంత పెరిగాయో, చేతికి ఎంత మిగిలిందో అతనికి తెలుసు. పాటల స్టార్ల విషయంలోనూ అదే పద్ధతి పాటిస్తే సరి.

అలా చూస్తే టీ కొట్టులో ముగ్గురూ గెలిచినట్టే. నిలకడలో ఘంటసాలకు, చేసిన పని విస్తృతిలో బాలు, సుశీలలకు, తండా నుంచి తెర దాకా వేసుకున్న దారిలో మంగ్లీకి పెద్ద మార్కులు పడతాయి. ఇక మిగిలిన లెక్క ఒక్కటే.. రేపు జాతరలో మైకు పట్టుకునే కొత్త గొంతుకు తన పాట సంపాదనలో ఎంత వాటా వస్తుందన్నది.